పొయ్యి పగులుకు సిమెంటు పనికిరాదు
పుట్టమన్నే మేలు - పండుగకు ముందే మరమ్మతు అవసరం

సంక్రాంతి నెల పట్టగానే గోదావరి జిల్లాల పల్లెల్లో పెరటి పొయ్యిలకు మళ్ళీ పని పడుతుంది. ఇంట్లో గ్యాసు ఉన్నా అరిసెల పాకానికి, జంతికల మూకుడుకు, నీళ్ళ కాగుకు కట్టెల పొయ్యే కావాలి. అయితే వానాకాలమంతా నాని, ఎండి, బీటలు తీసిన పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కించడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. గడ్డ ఒక్కటి కుంగినా మూకుడు ఒరిగిపోతుంది. చుట్టూ పిల్లలు ఉంటారు. బీటలోంచి మంట బయటికి వస్తే తాటాకు పాకకూ ముప్పే.

పగులు కనబడగానే చాలామంది ఇంట్లో మిగిలిన సిమెంటు తెచ్చి మెత్తుతారు. "సిమెంటు పెట్టించామండీ, నెల తిరక్కుండానే పెచ్చులూడిపోయింది" అని గృహిణులు వాపోవడం మామూలే. ఇందులో మేస్త్రీ తప్పేమీ లేదు. సిమెంటు నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుంది. వేడి 400 డిగ్రీలు దాటితే ఆ నీరు విడిపోతుంది. పొయ్యి చల్లారాక అందులోని సున్నం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. దాంతో పూత పొడిపొడిగా రాలిపోతుంది. కట్టెల మంట వేడి 600 డిగ్రీలకు పైమాటే.

పాత ఆస్బెస్టాస్ రేకు ముక్కలను పొయ్యికి అడ్డుపెట్టడం మరీ ప్రమాదం. అవి వేడికి పేలుతాయి. వాటి నుంచి వచ్చే సన్నని నార ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మట్టి పొయ్యికి మట్టే మందు. అయితే డెల్టాలోని నల్లమట్టి ఒక్కటే వాడితే ఎండేటప్పుడు కుదించుకుపోయి నెర్రెలిస్తుంది. పుట్టమన్ను గానీ, మెట్ట ప్రాంతపు ఎర్రమట్టి గానీ మంచిది. రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు సన్న ఇసుక, ఒక పాలు ఊక కలిపి, రెండు రోజులు నానబెట్టి బాగా తొక్కాలి. మంటకు ఊక కాలిపోయి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటివల్ల వేడి బయటికి పోకుండా పొయ్యిలోనే నిలుస్తుంది.

వాడే ముందు ఒక ఉండ చేసి నీడన ఆరబెట్టి చూడాలి. ఉండ పగిలితే ఇసుక పెంచాలి. చేతిలో పొడి అయితే మట్టి పెంచాలి.

పని పొయ్యి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. మసి, పెచ్చులు గీకి, బీటను కాస్త వెడల్పు చేసి, పాతమట్టిని నీళ్ళతో తడపాలి. తడపకపోతే పాతమట్టి కొత్తదానిలోని నీరు లాగేసి అతుకు నిలవనివ్వదు. మట్టిని ఒకేసారి మందంగా పెట్టకుండా పొరలు పొరలుగా అదమాలి. మూడు నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి, మొదట చిదుగులతో చిన్న మంట పెట్టాలి. తడి ఆరకముందే పెద్ద మంట వేస్తే లోపలి నీరు ఆవిరై అతుకును తోసేస్తుంది.

పెద్ద పొయ్యి కట్టించుకునేవారు మంట తగిలే లోపలి వరుసకు ఫైర్ బ్రిక్ ఇటుకలు వాడవచ్చు. ఇవి 1,400 డిగ్రీల వేడినైనా తట్టుకుంటాయి. వీటిని సిమెంటుతో కాక ఫైర్ క్లే మట్టితో, అతుకులు పల్చగా ఉండేలా పేర్చాలి.

పొగగొట్టం ఉన్న పొయ్యికి మరమ్మతు ఇంకా ముఖ్యం. బీటలోంచి చల్లగాలి లోపలికి పోతే గొట్టం పొగను సరిగా లాగదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పొగలేని పొయ్యిపై కృషి చేసిన ఎస్.పి.రాజు 1953లో దానిపై ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. 1983-84లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిల పథకం చేపట్టి 2002 దాకా నడిపింది. పెట్టిన పొయ్యిలు చాలాచోట్ల పగుళ్ళు పూడ్చేవారు, గొట్టంలో మసి దులిపేవారు లేక మూలబడ్డాయి. పొగ మళ్ళీ ఆడవారి కళ్ళలోకే వచ్చింది.

పుట్టమన్నుకు, ఊకకు పెద్ద ఖర్చేమీ లేదు. కావలసినది వారం రోజుల ముందుచూపు. ఈ పని భోగినాటికి వాయిదా వేస్తే పచ్చి పొయ్యి మీదే మూకుడు ఎక్కించవలసి వస్తుంది. ఇంటి మగవారు కూడా ఓ పూట చెయ్యి వేసి మట్టి తొక్కిపెడితే, పండుగనాడు ఇల్లాలు నిశ్చింతగా పొయ్యి ముందు కూర్చోగలుగుతుంది.