దురద తగ్గింది, తామర పెరిగింది

గుమ్మలక్ష్మీపురం సంతకు కొండ దిగి వచ్చిన తల్లి ఉప్పూ, ఎండుచేపలూ కొనుక్కొని మందుల షాపు ముందు ఆగుతుంది. "బాబూ, దురద మందు ఒకటియ్యి" అంటుంది. ట్యూబు చేతికి వస్తుంది. రాసిన రెండవ రోజుకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ఎంత మంచి మందో అనుకొని పక్కింటి పిల్లలకు కూడ రాస్తుంది. చిక్కు ఇక్కడే ఉన్నది.

చెమట వలన, వానాకాలపు తడిబట్టల వలన మనలో అనేకులకు తామర వస్తుంది. దానికి కారణం బూజు జాతి సూక్ష్మజీవి. ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే అది దురదను అణచుతుందే గాని బూజును చంపదు. పైగా చర్మానికున్న ఎదిరించే శక్తిని తగ్గిస్తుంది. రాయడం ఆపిన కొద్ది రోజులకు రూపాయి బిళ్లంత మచ్చ అరచేయంత అవుతుంది. అంచులు చెరిగిపోయి డాక్టరుకు కూడ వెంటనే గుర్తు దొరకదు. మూడు నాలుగు మందులు కలిపిన క్రీము అయితే బలమైనదని మనం అనుకొంటాము. చాలాసార్లు స్టెరాయిడ్ దాగి ఉండేది వాటిలోనే.

పెళ్లిచూపుల ముందు తెల్లబడాలని మన ఆడపిల్లలు ముఖానికి రాసుకొనేదీ ఇదే కావచ్చును. నెలల తరబడి రాస్తే ముఖచర్మం పలుచబడి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానితే మంట, అందుచేత మరల రాస్తారు. కంటి దగ్గర చాలాకాలం వాడితే చూపుకే ప్రమాదం.

అలాగని స్టెరాయిడ్ విషమని భయపడవద్దు. ఎగ్జిమా వంటి వ్యాధులకు డాక్టరు వ్రాసినంత కాలం, వ్రాసినంత మేరకు వాడితే మేలే చేస్తుంది. పెద్దవారి చూపుడు వ్రేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుండి తీసిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పసిబిడ్డకు గుడ్డ చుట్టే చోట రాస్తే మందు ఎక్కువగా ఒంటిలోకి ఇంకుతుంది గనుక అడగకుండ రాయరాదు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన వాటిలో చేర్చింది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు వాడే విధము చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత. కాబట్టి అడగడానికి మొహమాటమెందుకు? "అయ్యా, ఇందులో స్టెరాయిడ్ ఉన్నదా? ఎక్కడ రాయాలి? ఎన్నాళ్లు?" అని అడుగుదాము. సవర భాష తప్ప తెలుగు సరిగా రాని పెద్దల వెంట బడికి వెళ్లే పిల్లవాడు తోడుగా ఉంటే మంచిది.

మరొక మాట. తెల్లని మచ్చను శోభి అనుకొని క్రీము రాస్తూ కూర్చోరాదు. ఆ చోట స్పర్శ లేకపోతే అది కుష్ఠు కావచ్చును. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రిని ఎరిగిన మన కుటుంబాలకు దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో దాని మందులు ఉచితం.

ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవారు తమంతట తాము ఒక్కసారిగా మానక, డాక్టరును కలిసి చెప్పండి. ఖాళీ ట్యూబును పారవేయక సంచిలో వేసుకొని వెళ్లండి. మందు పేరు మనం చెప్పలేకపోయినా ట్యూబు చెబుతుంది.