మన బియ్యం ఓడెక్కింది, పన్ను ఎక్కడ ఆగింది? ఎగుమతి రీఫండ్ల కోర్టు కథ

ఈరోజు జీఎస్టీ రీఫండ్ గురించి మాట్లాడుకుందాం. పేరు వినగానే స్కిప్ చేయకండి. మిర్యాలగూడ మిల్లు, చౌటుప్పల్ మందుల కంపెనీ, పోచంపల్లి చీర, ఈ మూడూ ఈ కథలో ఉన్నాయి. రేపు మీరు ఇన్‌స్టాలో పెట్టిన చీరను అమెరికాలో ఎవరన్నా కొంటే మీరూ ఇందులో ఉన్నట్టే.

2025 మార్చి 31న కాకినాడ పోర్టు నుంచి 12,500 టన్నుల తెలంగాణ బియ్యంతో ఫిలిప్పీన్స్‌కి ఓడ బయలుదేరింది. ఆ బియ్యం మీద మన దేశంలో వేసిన పన్నును ఫిలిప్పీన్స్ వాళ్లు కట్టాలా? అక్కర్లేదు. సరుకును ఎక్కడ వాడుకుంటారో పన్ను అక్కడే వేయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం. సరుకును ఎగుమతి చేయాలి గానీ, పన్నును ఎగుమతి చేయకూడదు. మన జీఎస్టీ చట్టంలో దీన్ని 'జీరో రేటెడ్' అంటారు.

జీరో అంటే అమ్మకం మీద పన్ను లేకపోవడం ఒక్కటే కాదు. ఆ సరుకు తయారీకి దారిలో కట్టిన పన్ను కూడా వెనక్కి రావాలి. ఉదాహరణకి ఒక మిల్లు ఎగుమతి బియ్యం కోసం సంచులు, రిపేర్లు, ఇతర సర్వీసులు కలిపి 10 లక్షలవి కొన్నది అనుకుందాం. అన్నిటి మీదా 18 శాతం పన్ను అంటే 1,80,000 రూపాయలు. ఈ డబ్బు సర్కారు దగ్గర ఉంది. బియ్యం ఓడెక్కాక అది మిల్లుకి తిరిగి రావాలి. దీన్నే రీఫండ్ అంటున్నాం. ఇది సబ్సిడీ కాదు, దానం కాదు. కట్టినవాడి డబ్బే కట్టినవాడికి వస్తుంది.

ఇంత సింపుల్‌గా ఉంటే మరి కోర్టుల దాకా ఎందుకు పోతున్నారు? ఎందుకంటే సూత్రం దగ్గర గొడవ లేదు. గొడవంతా మూడు ప్రశ్నల దగ్గర. ఎగుమతి చేసింది ఎవరు? కొన్న సరుకూ, పంపిన సరుకూ ఒకటేనా? సరుకు దేశం దాటిందని రుజువేంటి?

మొదటి ప్రశ్న చూద్దాం. జీఎస్టీ రాకముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో అమ్మకపు పన్ను. ఎగుమతి అమ్మకం మీద పన్ను వేసే అధికారం మాత్రం రాజ్యాంగం రాష్ట్రాలకి ఇవ్వలేదు. ఒడిశాలో ఒక గని వ్యాపారి క్రోమ్ ఖనిజాన్ని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌కి అమ్మాడు. ఆ కార్పొరేషన్ దాన్ని విదేశాలకు పంపింది. నా సరుకు పోయింది విదేశానికే కదా, నాకెందుకు పన్ను అని అతను అడిగాడు. 1975లో సుప్రీంకోర్టు, మొహమ్మద్ సిరాజుద్దీన్ కేసులో, కుదరదన్నది. నువ్వు అమ్మింది దేశంలోని సంస్థకి, ఎగుమతి చేసింది ఆ సంస్థ, ఈ రెండూ వేర్వేరు అమ్మకాలు అని తేల్చింది.

దీంతో చిన్న వ్యాపారులకి దెబ్బ పడింది. అందరూ నేరుగా విదేశానికి అమ్మలేరు, పెద్ద ఎగుమతిదారు ద్వారానే పంపాలి. అందుకే పార్లమెంటు 1976లో కేంద్ర అమ్మకపు పన్ను చట్టంలో 5(3) సెక్షన్ చేర్చింది. విదేశీ ఆర్డరు వచ్చాక, ఆ ఆర్డరు కోసమే జరిగిన చివరి అమ్మకాన్ని కూడా ఎగుమతి కింద లెక్కిస్తామన్నది. కానీ అందులో 'ఆ సరుకు' అన్న మాట ఉంది. అంటే కొన్న సరుకే ఓడెక్కాలి. ఇక్కడే రెండో ప్రశ్న మొదలైంది.

మిల్లు కొనేది వడ్లు, పంపేది బియ్యం. మరి ఇవి ఒకే సరుకా, వేర్వేరా? ఇంట్లో అడిగితే నవ్వుతారు, కోర్టులో మాత్రం లక్షల రూపాయల ప్రశ్న ఇది. వడ్లు వేరు, బియ్యం వేరు అని 1973లోనే సుప్రీంకోర్టు గణేష్ ట్రేడింగ్ కేసులో చెప్పింది. కాబట్టి బియ్యం ఎగుమతైనా, వడ్ల మీద పడిన పన్ను అలాగే ఉండిపోయేది. ఇంకోపక్క 1986లో స్టెర్లింగ్ ఫుడ్స్ కేసులో రొయ్యల సంగతి వచ్చింది. తల తీసి, శుభ్రం చేసి, గడ్డకట్టించినా రొయ్య రొయ్యే, ఎగుమతి మినహాయింపు ఇవ్వాల్సిందే అన్నది కోర్టు. రొయ్యకి దొరికింది బియ్యానికి దొరకలేదన్నమాట.

ఇలాంటి గొడవ మనకి కొత్తేం కాదు. మహబూబ్‌నగర్ నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడి తుంగభద్ర ఇండస్ట్రీస్ వేరుశనగ కొని నూనె, వనస్పతి చేసేది. వేరుశనగ మీద ఒకసారి పన్ను పడింది కాబట్టి నూనె అమ్మకం లెక్కలో ఆ మేరకు తగ్గించమని అడిగింది. వనస్పతి అసలు వేరుశనగ నూనే కాదు పొమ్మన్నారు పన్ను అధికారులు. 1960లో సుప్రీంకోర్టు, గడ్డకట్టినంత మాత్రాన నూనె నూనె కాకుండా పోదు అని కంపెనీ వైపు తీర్పిచ్చింది. అది ఎగుమతి కేసు కాదు గానీ ప్రశ్న అదే.

వడ్ల చిక్కును 1996లో పార్లమెంటు విప్పింది. వడ్ల మీద పన్ను ఉండి, వాటినుంచి వచ్చిన బియ్యం ఎగుమతైతే, 5(3) కోసం రెండూ ఒకే సరుకు అని చట్టంలోనే రాసింది. గణేష్ ట్రేడింగ్ తీర్పు నుంచి లెక్కేస్తే ఇరవై మూడేళ్లు. ఈ లోపల ఎన్ని మిల్లులు ఎంత పన్ను మోసి ఉంటాయో ఆలోచించండి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దేశమంతా ఒకే మార్కెట్, ఒకే పన్ను. రాష్ట్రాల హద్దుల దగ్గర చెక్‌పోస్టుల్లో లారీలు ఆగడం పోయింది. వడ్లా, బియ్యమా అన్న పాత గొడవ కూడా చాలావరకు పోయింది. చట్టం ప్రకారం ఎగుమతి సరుకు జీఎస్టీ మినహాయింపులో ఉన్నదైనా సరే, దారిలో కట్టిన పన్ను వెనక్కి అడగొచ్చు. ఇంకో విచిత్రం చెప్తా. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో సెజ్ ఉంది. మహబూబ్‌నగర్ టౌన్ నుంచి ఆ సెజ్ యూనిట్‌కి వాళ్ల అనుమతి పొందిన పని కోసం సరుకు పంపితే, లారీ జిల్లా దాటకపోయినా చట్టం దాన్ని ఎగుమతితో సమానంగా చూస్తుంది.

మరి కోర్టు కేసులు తగ్గాయా? లేదు, రూపం మారింది. చట్టం హక్కు ఇస్తుంది, కింద రూల్స్ అందులో కోత పెడతాయి. దీనికి పెద్ద ఉదాహరణ రూల్ 96(10). ముడిసరుకును అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద పన్ను లేకుండా దిగుమతి చేసుకున్నా, 0.1 శాతం పన్ను స్కీములో కొన్నా, ఎగుమతి మీద కట్టిన ఐజీఎస్టీ వాపసు రాదు అన్నది ఈ రూలు. 2018 నుంచి దీని కింద నోటీసులు మొదలయ్యాయి. ఇచ్చిన రీఫండ్ వడ్డీతో తిరిగి కట్టమన్నారు. ముడిసరుకు దిగుమతి మీద నడిచే మందుల తయారీకి ఇది నేరుగా తగిలే రూలు. చౌటుప్పల్, బీబీనగర్ వైపు ఆ పరిశ్రమ ఎంత ఉందో మీకు తెలుసు. చివరికి 2024 అక్టోబర్ 8న కేంద్రమే ఆ రూలును తీసేసింది. అదే నెలలో కేరళ హైకోర్టు, శాన్స్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో, అది చట్టానికి విరుద్ధమన్నది. మరి అప్పటికే నడుస్తున్న నోటీసుల సంగతేంటి? రూలు పోయింది కాబట్టి అవీ నిలవవని 2025లో గుజరాత్ హైకోర్టు చెప్పింది.

ఇప్పుడు మళ్లీ బియ్యం దగ్గరికి వద్దాం. జీఎస్టీ చట్టం 54(3)లో ఒక లైను ఉంది. ఎగుమతి సుంకం పడే సరుకుకి మిగిలిపోయిన క్రెడిట్ రీఫండ్ ఉండదు. 2023 ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కేంద్రం 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. దేశంలో ధర పెరగకూడదని ఆ నిర్ణయం. కానీ ఎగుమతిదారుకి దెబ్బ రెండు వైపులా. సుంకం కట్టాలి, సంచుల మీద కట్టిన జీఎస్టీ కూడా రాదు. 2024 సెప్టెంబర్‌లో దాన్ని 10 శాతానికి తగ్గించి, అక్టోబర్‌లో పూర్తిగా తీసేశారు. సుంకం సున్నా ఉంటే రీఫండ్ ఆపకూడదని 2021 సర్క్యులర్‌లోనే ఉంది కాబట్టి దారి మళ్లీ తెరుచుకుంది. అయితే 2024 నవంబర్ 1 నుంచి చట్టం ఇంకా గట్టిగా మారింది. సుంకం పడే సరుకుకి ఐజీఎస్టీ కట్టి వాపసు తీసుకునే రెండో దారి కూడా మూసేశారు. సార్టెక్స్ లాంటి మెషిన్ల మీద కట్టిన పన్నయితే మిగిలిపోయిన క్రెడిట్ రీఫండ్ లెక్కలోకే రాదు.

ఇక మూడో ప్రశ్న, రుజువు. దీనికి యూరప్ పోదాం, వాళ్లది కూడా ఉమ్మడి మార్కెట్టే. ఒక సభ్య దేశం నుంచి ఇంకో సభ్య దేశానికి సరుకు అమ్మితే వ్యాట్ ఉండదు. బ్రిటన్ అందులో ఉన్నప్పుడు టెలియోస్ అనే కంపెనీ, ఇంకొందరు కలిసి స్పెయిన్ కంపెనీకి మొబైల్ ఫోన్లు అమ్మారు. రవాణా కొన్నవాళ్లదే. సరుకు చేరిందని కాగితాలు వచ్చాయి, బ్రిటన్ అధికారులు రీఫండ్ కూడా ఇచ్చారు. తర్వాత చూస్తే కొన్ని కాగితాలు దొంగవి, ఫోన్లు దేశమే దాటలేదు. పన్ను ఎవరు కట్టాలి? 2007 సెప్టెంబర్ 27న యూరప్ కోర్టు చెప్పిందేంటంటే, సరుకు నిజంగా దేశం దాటాలి. కానీ అమ్మినవాడు నిజాయితీగా ఉండి, చేయగలిగిన జాగ్రత్తలన్నీ తీసుకుని, మోసంలో భాగం కాకపోతే, తర్వాత అతని మీద పన్ను రుద్దకూడదు.

అట్లని అధికారుల భయాన్ని కొట్టిపారేయలేం. దొంగ బిల్లులతో రీఫండ్ లాగేవాళ్లు ఉన్నారు, పోయేది జనం డబ్బే. అందుకే తనిఖీ కావాలి. కానీ తనిఖీకి పట్టే టైము ఖర్చు ఎవరు మోస్తున్నారన్నదే అసలు సంగతి. ఇందాకటి 1,80,000 ఏడాది పాటు ఆగిందనుకోండి. మిల్లు బ్యాంకు అప్పు 12 శాతానికి తెస్తే వడ్డీ 21,600. ఆలస్యానికి సర్కారు మామూలుగా ఇచ్చే వడ్డీ 6 శాతం, అంటే 10,800. కేసు గెలిచినా సగం పోయినట్టే. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. చిన్న మిల్లు ఆ లోటును ఎక్కడో సర్దుకోవాలి, కూలి దగ్గరో, వడ్ల ధర దగ్గరో.

ఇక మీకు పనికొచ్చేది. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు 2005లో వచ్చింది, విదేశాల్లో పేరుంది. మీరు జీఎస్టీ నంబరుతో అలాంటివి బయటికి అమ్మాలనుకుంటే ఇవి రాసి పెట్టుకోండి. పన్ను కట్టకుండా పంపాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ ముందే వేయాలి. షిప్పింగ్ బిల్లులో వివరాలు, జీఎస్టీ రిటర్నులో వివరాలు ఒక్క అంకె కూడా తేడా లేకుండా కలవాలి. రీఫండ్ దరఖాస్తుకి గడువు రెండేళ్లు. అన్నీ సరిగ్గా ఉన్న దరఖాస్తు మీద అధికారి 60 రోజుల్లో తేల్చాలి. దాటితే వడ్డీ మీ హక్కు, అడగండి. ఆలస్యం వడ్డీని దరఖాస్తు అందిన తేదీ నుంచి మూడు నెలల గడువు దాటగానే లెక్కపెట్టాలని 2011లో పాత ఎక్సైజ్ చట్టం కింద రాన్‌బాక్సీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకోటి, విదేశీ కస్టమర్ డబ్బు ఫెమా గడువులోగా బ్యాంకుకి రాకపోతే, తీసుకున్న రీఫండ్ వెనక్కి కట్టాల్సి వస్తుంది. కాబట్టి బ్యాంకు కాగితం భద్రంగా పెట్టుకోండి.

ఈ కేసులన్నీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఎగుమతి మీద పన్ను వద్దని అందరూ అంటారు. ఆ మాట వ్యాపారి బ్యాంకు ఖాతాలో కనపడేదాకా దాని విలువ సగమే. మార్కెట్ ఒకటి చేయడానికి ఒక చట్టం చాలింది. అందులో చిన్నవాడి డబ్బు టైముకి తిరిగి రావాలంటే మాత్రం గడువు ఇద్దరికీ ఒకేలా ఉండాలి, కట్టేవాడికీ, ఇచ్చేవాడికీ. ఇంట్లోనో, ఊళ్లోనో మిల్లు, మగ్గం, చిన్న యూనిట్ నడిపేవాళ్లుంటే ఈ 60 రోజుల సంగతి వాళ్లకి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.