పది రూపాయల టీకి రెండు పద్దులు

కాలేజీ ఎదుట బడ్డీకొట్టులో మీరు టీ తాగారనుకోండి. అక్కడ అంటించిన క్యూ.ఆర్. కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి, పిన్ నొక్కి 10 రూపాయలు పంపారు. మీ ఖాతాలో డబ్బు తగ్గినట్లు మెసేజి వచ్చింది. కొట్లోని చిన్న స్పీకరు మాత్రం పలకలేదు. "నాకు రాలేదు బాబూ" అన్నాడు కొట్టతను. మీరు చెప్పేదీ నిజమే, అతను చెప్పేదీ నిజమే. మరి ఆ 10 రూపాయలు ఎక్కడున్నట్లు?

దీనికి జవాబు తెలిస్తే, తరతరాలుగా లెక్కలు రాయడంలో ఆరితేరిన బ్యాంకులు ఈ క్షణాల చెల్లింపుల దగ్గర ఎందుకు తడబడుతున్నాయో కూడా అర్థమవుతుంది.

రాత్రికి తేలే లెక్క

బ్యాంకు ఖాతాలో ఉన్నది నోట్ల కట్ట కాదు, ఒక పద్దు. మీ బ్యాంకు మీ పేరున 10 రూపాయలు ఖర్చు రాయాలి. కొట్టతని బ్యాంకు అతని పేరున 10 రూపాయలు జమకట్టాలి. రెండూ జరిగితేనే చెల్లింపు పూర్తయినట్లు.

చెక్కుల కాలంలో ఈ రెండు పద్దుల నడుమ రోజుల వ్యవధి ఉండేది. చెక్కులన్నీ క్లియరింగ్ హౌసుకు చేరేవి. ఏ బ్యాంకు నికరంగా ఎంత ఇవ్వాలో అక్కడ తేలేది. పొరపాటు దొర్లితే దిద్దుకోవడానికి తీరిక ఉండేది. కంప్యూటర్లు వచ్చాక కూడా పగలు లావాదేవీలు, రాత్రి లెక్కల ముగింపు అన్న అలవాటు చాలాకాలం పోలేదు. 2005లో మొదలైన నెఫ్ట్ సైతం డబ్బును విడతలవారీగానే పంపింది. అది 24 గంటలూ పనిచేయడం 2019 డిసెంబరులోగాని మొదలుకాలేదు.

నాలుగు మజిలీలు

ఈ వ్యవధిని యు.పి.ఐ. తుడిచిపెట్టింది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీనిని 2016 ఏప్రిల్‌లో ప్రారంభించింది. మీరు మీట నొక్కగానే ఏం జరుగుతుందో చూద్దాం. మీ యాప్ నుంచి విన్నపం కార్పొరేషన్ వారి కేంద్రానికి చేరుతుంది. కొట్టతని ఖాతా ఏ బ్యాంకులో ఉందో ఆ కేంద్రం కనుక్కుంటుంది. తర్వాత మీ బ్యాంకును ఖర్చు రాయమంటుంది. మీ బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ చూసి, ఖర్చు రాసి "సరే" అంటుంది. అప్పుడు కేంద్రం రెండో బ్యాంకును జమకట్టమంటుంది. ఇదంతా కొద్ది సెకన్లలో ముగియాలి.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. బ్యాంకులు తమలో తాము బాకీలు తీర్చుకునేది ఇప్పటికీ రోజుకు కొన్ని విడతల్లోనే. అంటే కొట్టతని బ్యాంకు తనకు డబ్బు అందక ముందే అతనికి జమకడుతోందన్నమాట!

మౌనానికి అర్థమేమిటి?

అసలు చిక్కు ఖర్చుకూ జమకూ మధ్య ఉంది. జమకట్టమని అడిగితే రెండో బ్యాంకు కంప్యూటరు బదులు పలకలేదు. విన్నపమే చేరలేదా? లేక జమ జరిగి, ఆ కబురు దారిలో తప్పిపోయిందా? మౌనాన్ని బట్టి ఈ రెండింటిలో ఏది జరిగిందో చెప్పలేం. జరగలేదనుకుని మళ్లీ కడితే రెండుసార్లు జమ కావచ్చు. జరిగిందనుకుని ఊరుకుంటే కొట్టతను నష్టపోవచ్చు.

అందుకే ప్రతి చెల్లింపుకూ వేరే ఎక్కడా రాని ఒక సంఖ్య ఇస్తారు. "ఈ సంఖ్య గల చెల్లింపు ఏమైంది?" అని అడిగి తెలుసుకుంటారు. జమ కాలేదని తేలితే ఖర్చును వెనక్కు రాస్తారు. అయితే ఈ మందే ఒక్కోసారి వికటిస్తుంది. 2025 ఏప్రిల్ 12న యు.పి.ఐ. సేవలకు అంతరాయం కలిగినప్పుడు, కొన్ని బ్యాంకుల నుంచి ఇటువంటి ప్రశ్నలే వెల్లువలా వచ్చి పడడం కారణమని తేలింది.

భారం ఎంత?

2025 ఆగస్టులో యు.పి.ఐ. చెల్లింపులు 2,000 కోట్లు దాటాయి. దీన్ని 31 రోజుల సెకన్లతో భాగించి చూడండి. సగటున సెకనుకు సుమారు 7,500 వస్తాయి. ఒక్కొక్కదానికి రెండు పద్దులు. రద్దీ వేళల్లో ఇంకా ఎక్కువ. పది రూపాయల టీకైనా, పది వేల ఫీజుకైనా కంప్యూటరుకు పని ఒక్కటే. పైగా వ్యాపారి నుంచి తీసుకునే రుసుము 2020 జనవరిలో రద్దయింది. తెర మీద యాప్ పేరు కనిపిస్తుంది, పద్దు మోసేది మాత్రం బ్యాంకు.

ఈ బరువు తగ్గించడానికే 2022లో యు.పి.ఐ. లైట్ వచ్చింది. కొంత సొమ్మును ముందుగానే ఫోనులోని లైట్ ఖాతాకు మార్చుకుంటే, చిన్న చెల్లింపులకు బ్యాంకు ప్రధాన ఆవర్జాను ప్రతిసారీ తెరవనక్కరలేదు. ఇంటి ఖర్చుకు చిల్లర డబ్బా విడిగా పెట్టుకోవడం లాంటిదే ఇది.

మీరేం చేయాలి?

పరీక్ష ఫీజు కట్టే చివరి రోజున మీకే ఇలా జరిగితే కంగారుపడి వెంటనే మళ్లీ కట్టకండి. ముందు ఆ చెల్లింపు సంఖ్యతో స్థితి చూడండి. "పెండింగ్" అంటే పోయిందని కాదు, ఇంకా తేలలేదని. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం వ్యక్తికి పంపిన సొమ్ము జమ కాకపోతే మరుసటి రోజులోగా తిరిగి రావాలి. వ్యాపారికి కట్టినదైతే ధ్రువీకరణ అందనప్పుడు 5 రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

ఇంతకీ ఆ 10 రూపాయలు ఎక్కడా మాయం కాలేదు. ఒక పద్దు రాసి, రెండో పద్దు కోసం ఎదురుచూస్తున్నారు, అంతే. పూర్వం ఆ ఎదురుచూపు గుమాస్తాకు మాత్రమే తెలిసేది. ఇప్పుడు కొట్టు ముందు నిలబడి మీరూ చూస్తున్నారు.