మోట, మోకు, ఆకేరు: మరిపెడలో కదలికల లెక్కలు

మరిపెడ బంగ్లా సెంటర్‌లో కదలకుండా నిలబడ్డవాళ్లు కూడా గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంటారు. భూమి తిరిగే వేగం ఇక్కడ అంత! నేల, చెట్లు, గాలి అన్నీ మనతో సమంగా సాగుతాయి కాబట్టి మనకేమీ తెలియదు. ఒంటికి తెలిసేది వేగం కాదు, వేగంలో వచ్చే మార్పు. ఖమ్మం బస్సు గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు తూలేది అందుకే. బస్సు ఆగుతున్నా ఒళ్లు పాత వేగంతోనే సాగాలని చూడటాన్నే జడత్వం అంటారు.

100 గ్రాములకు రవ్వంత ఎక్కువ ఎండుమిర్చిని అరచేతిలో పెట్టుకోండి. చేతిని కిందికి నొక్కుతున్న బలం 1 న్యూటన్. దాన్ని మీటరు ఎత్తుకు లేపితే జరిగిన పని 1 జౌల్.

కరెంటు రాకముందు బావి నీళ్లను ఎడ్లు లాగే పెద్ద బొక్కెనతో, అంటే మోటతో తోడేవారు. ఆ ఏర్పాటులో ఎంత తెలివి ఉందో చూడండి. నిండు మోట పైకి వచ్చేటప్పుడు ఎడ్లు ఏటవాలు బాటలో పల్లానికి దిగుతాయి. అంటే తాడు లాగడానికి వాటి కండబలంతో పాటు ఒంటి బరువూ కలిసొస్తుంది. మోట ఖాళీ అయ్యాకే అవి ఎత్తు ఎక్కుతాయి. 100 లీటర్ల నీటిని 10 మీటర్లు పైకి తేవాలంటే 9,800 జౌళ్ల పని. మీటరు మీద తిరిగే ఒక్క యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు. నష్టమేమీ లేదనుకుంటే దాంతో అలాంటి 367 మోటల నీళ్లు తోడొచ్చు. మోటారులో, పంపులో, పైపులో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి నిజంగా వచ్చే నీళ్లు అంతకంటే తక్కువే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో హమాలీ 40 కిలోల మిర్చి బస్తా మోస్తూ చదునైన నేల మీద నడిస్తే, బస్తాను పైకి ఆనిపట్టిన బలం చేసిన పని సున్నా అంటుంది పాఠం. బలం పైకి, నడక అడ్డంగా ఉండటమే కారణం. అంతమాత్రాన ఆయన కష్టం సున్నా కాదు. బరువు ఆపడానికి కండరాల్లోని పోగులు విడవకుండా బిగుస్తూ వదులవుతూ శక్తిని ఖర్చు చేస్తాయి. పుస్తకాల్లో ఈ రెండో మాట కూడా రాయాలి.

తాటిచెట్టు మీద గీత కార్మికుడు వెనక్కి వాలి కూర్చున్నట్టు ఉంటాడు. చూసేవాళ్లకు భయమేస్తుంది గానీ ఆ వాలే ఆయన్ను నిలబెడుతుంది. వాలినకొద్దీ నడుమునూ మానునూ చుట్టిన తాడు, అంటే మోకు, పాదాలు మానును గట్టిగా నొక్కుతాయి, ఘర్షణ పెరుగుతుంది. మాను తడిస్తే అదే నొక్కుడుకు పట్టు తగ్గుతుంది.

రోడ్డు మీద బండిని ఆపేదీ ఘర్షణే. కానీ వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక 12 మీటర్లలో ఆగే బండి, 80లో ఉంటే 48 మీటర్లు పోతుంది.

పారే నీటి తోపుకూ ఇదే నాలుగింతల లెక్క. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదుగా పొంగింది. కారు కొట్టుకుపోయి ప్రాణాలు పోయాయి. అందుకే ఈ లెక్క బడిలో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ చెప్పాలి. 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, 900 కిలోల బరువున్న చిన్న కారును తీసుకోండి. అడుగుభాగం నీళ్లలో 14 సెంటీమీటర్లు మునిగితే చాలు, అది 900 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, తేలుతుంది. అడుగుభాగం రోడ్డుకు 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మొత్తం లోతు 31 సెంటీమీటర్లు. పెద్దవాళ్ల మోకాలి దాకా కూడా రాదు! టైర్లు నేలను నొక్కడం మానేస్తే ఘర్షణ ఉండదు. ఇక స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే నీరు కారు పక్కభాగాన్ని దాదాపు 1,100 న్యూటన్లతో నెడుతుంది, అంటే క్వింటాకు పైగా బరువంత. 4 మీటర్ల వేగమైతే 4,400 దాటుతుంది. వరద తీసి వేగం సగానికి పడితే ఆ తోపు నాలుగో వంతుకు దిగుతుంది, నీటి మట్టం తగ్గితే టైర్లు మళ్లీ రోడ్డును పట్టుకుంటాయి.