పాకం పదును: నిల్వ ఉండే పండుగ మిఠాయిలు

సంక్రాంతికి ఆడపడుచుల ఇళ్లకు పంపే డబ్బాలలో అరిసెలు, నువ్వుల ఉండలు, వేరుసెనగ అచ్చులు తప్పక ఉంటాయి. ఇవి రోజుల తరబడి నిల్వ ఉండటానికి కారణం తీపి ఒక్కటే కాదు. వాటిలో సూక్ష్మజీవులకు అందే నీరు చాలా తక్కువ.

పాకం కాగేకొద్దీ నీరు ఆవిరై చక్కెర గాఢత పెరుగుతుంది, దానితోపాటు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. మన వంటిళ్లలో దీనికి థర్మామీటరు అక్కరలేదు, నీళ్లపళ్లెం చాలు. పాకం చుక్క చన్నీళ్లలో మెత్తని ఉండ కడితే అది ఉండపాకం. చక్కెరతో అయితే ఈ దశ సుమారు 115 డిగ్రీల సెల్సియస్ వద్ద వస్తుంది. అరిసెలకు ఇది సరిపోతుంది. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది. అచ్చులకు మాత్రం ముదురు పాకం కావాలి. చల్లారిన ఉండను పళ్లెంలో వేస్తే టంగుమని మోగాలి. చక్కెరకు ఇది 150 డిగ్రీల దరిదాపు. బెల్లం త్వరగా మాడుతుంది కనుక చుక్క పరీక్షనే నమ్మండి.

బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజులు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మూత లేని అచ్చులు జిగురెక్కడానికి ఇదే కారణం. అలాగని వేడి మీదే డబ్బాలో పెట్టకూడదు: ఆవిరి మూతకు పట్టి, నీటి చుక్కలై రాలి, బూజుకు దారితీస్తుంది.

వేరుసెనగ గింజలను వేయించకముందే ఏరాలి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి పారవేయాలి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం ఉండవచ్చు. వేయించినా అది పూర్తిగా నశించదు.