పాత కమాను పట్టీ... కొత్త గొడ్డలి!

లారీ కింద ఏళ్ల తరబడి బరువులు మోసి తుక్కులోకి చేరిన ఉక్కు ముక్క. ఒక గ్రైండరు. ఒక బకెట్ నీళ్లు. కొలిమి లేకుండా గొడ్డలి తయారవుతుందా? ఎందుకవదూ అన్నాడు కొడుకు. నిప్పు చూడనిది గొడ్డలే కాదన్నాడు తండ్రి. సంగతేంటో తేల్చుకుందామని ఓ రోజంతా వాళ్ల షాపు ముందు కూర్చుంటే...

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు పెద్దలు. మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరు. గొడ్డలితోనే పోవాల్సిన పని ఉంది, చేతిలో గొడ్డలే లేదు! గాలివానకి పెరట్లో తుమ్మచెట్టు పడిపోయింది. బజార్లో తళతళలాడుతుంటే ముచ్చటపడి కొన్న గొడ్డలి రెండోరోజుకే అంచు మడతపడింది. అటకంతా గాలిస్తే తాతగారి గొడ్డలి దొరికింది కానీ, కామను చెదలు తినేశాయి. అంచు సానపట్టీ పట్టీ సగానికి అరిగిపోయింది. ఊళ్లో కొలిమి ఉండే చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది.

అదిగో, అప్పుడు ఎవరో చెప్పారు... కృష్ణా జిల్లాలో హైవే పక్కన ఓ వెల్డింగ్ షాపతను లారీ కమాను పట్టీతో గొడ్డళ్లు చేస్తాడని. తాతగారి గొడ్డలిని పాత పేపర్లో చుట్టుకుని బయల్దేరాను.

షాపు ముందు ఇనుప గేట్లు, సగం అతికిన ట్రాక్టరు తొట్టి. మధ్యలో ముప్పై అయిదేళ్ల యజమాని. వెనక వేపచెట్టు కింద నులకమంచం మీద డెబ్భై దాటిన ఆయన తండ్రి. పెద్దాయన నలభై ఏళ్లు కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి. నాగటి కర్రులు కాల్చి సాగదీశాడు, బండి చక్రాలకు పట్టాలు వేశాడు. ట్రాక్టర్లొచ్చాక కర్రుల పని పోయింది, టైరు బళ్లొచ్చాక పట్టాల పని పోయింది. కొడుకు వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఇద్దరి మధ్యా పేచీ అంటూ ఉంటే అది గొడ్డలి దగ్గరే!

తుక్కులో ఉక్కు ఏది?

'ముందు ముక్క కుదరాలి సార్' అంటూ షాపు పక్కనున్న ఇనుప గుట్ట దగ్గరకు తీసుకెళ్లాడు కొడుకు. చూడ్డానికి అన్నీ ఒకేలా తుప్పుపట్టి ఉన్నాయి. అన్నీ గొడ్డలికి పనికిరావు. గేట్లకు వాడే మామూలు ఇనుములో కార్బన్ 0.2 శాతం దగ్గరే ఉంటుంది. దాన్ని ఎంత నూరినా అంచు నిలవదు. నేను బజార్లో కొన్నది బహుశా ఆ జాతిదే అయ్యుంటుంది. కమాను పట్టీల ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం వరకూ ఉంటుంది. మాంగనీసు, క్రోమియం, సిలికాన్ లాంటివీ కొద్దికొద్దిగా కలుపుతారు. అంత చిన్న తేడాలోనే ఉంది కిటుకంతా!

మరి ఏది ఏదో కంటితో ఎలా పోల్చుకోవడం? రెండు ముక్కలు తీసి ఒకదాని తర్వాత ఒకటి గ్రైండరుకు ఆనించాడు. మొదటిదాన్నుంచి నిప్పురవ్వలు పొడుగ్గా, నిటారుగా గీతల్లా పోయాయి. రెండోదాన్నుంచి వచ్చినవి కాసేపు ప్రయాణించి చివర్లో చిట్లి చుక్కలుగా విచ్చుకున్నాయి. అచ్చం దీపావళి కాకరపువ్వొత్తి! కార్బన్ ఎక్కువుంటే రవ్వ అలా పువ్వులా పూస్తుందన్నమాట. ఆ పువ్వు పూసిన ముక్కనే పక్కన పెట్టాడు.

అంతటితో అయిపోలేదు. ఏళ్ల తరబడి ఊగి ఊగి వచ్చిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుండొచ్చు. తండ్రి మంచం మీంచే 'కిరసనాయిలు పూశావట్రా?' అని కేకేశాడు. ముక్కను శుభ్రంగా తోమి, కిరసనాయిలు రాసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి జల్లడం... ఇదీ పద్ధతి. పగులుంటే అందులో దాక్కున్న నూనె పైకి వచ్చి సుద్ద మీద తడిగీత పడుతుంది. మొదటి ముక్క మీద సన్నని గీత కనిపించింది. దాన్ని విసిరి గుట్టలోకి కొట్టాడు. రెండోది నిలబడింది.

నిప్పు ముందే పడింది!

కొడుకు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కమాను పట్టీని ఫ్యాక్టరీలోనే ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడిచేసి దాని పెళుసుదనాన్ని తగ్గిస్తారు. అంటే పడాల్సిన నిప్పు ముందే పడింది. ఆ గుణం పోకుండా వద్దనుకున్నంత మేరా అరగదీసి తీసేస్తే మిగిలింది గొడ్డలే కదా! కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ 'సి' లెక్కలో కమాను ఉక్కు సాధారణంగా 40కీ 50కీ మధ్య ఉంటుంది. మంచి గొడ్డలి అంచు అంతకన్నా కొంచెం గట్టిగా ఉంటుంది. కాబట్టి దీనికి కాస్త తరచుగా ఆకురాయి పట్టాలి. ఊడేదీ విరిగేదీ మాత్రం ఉండదు.

ఆ మాటకొస్తే, నూరి గొడ్డలి చేయడం నిన్నమొన్నటి తెలివేం కాదు. అనంతపురం జిల్లా సరిహద్దు దాటగానే బళ్లారి పక్కన సంగనకల్లు గుట్టలున్నాయి. కొత్త రాతియుగంలో అక్కడ నల్లరాతి గొడ్డళ్లను పెద్దయెత్తున తయారుచేశారు. రాయిని చెక్కి, బండకేసి నూరి పదును తెచ్చేవారు. అలా నూరగా పడిన గాళ్లు ఇప్పటికీ ఆ బండల మీద కనిపిస్తాయి. ఈ సంగతి చెప్పగానే కొడుకు ముఖం వెలిగిపోయింది. 'విన్నావా నాన్నా... కొలిమి కంటే ముందే గ్రైండింగ్ ఉందంట!'

పెద్దాయన తొణకలేదు. 'ఆ రాయి వదిలేసి ఉక్కు పట్టుకున్నారుగా మరి, ఎందుకో కూడా అడుగు' అన్నాడు.

ఆ మాటా నిజమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మనవాళ్లు కరిగించిన ఉక్కు ఒకప్పుడు పశ్చిమాసియా దాకా వెళ్లి కత్తులుగా మారింది. గోల్కొండ రాజ్యం నుంచి వచ్చే ఉక్కు గురించి 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ ప్రత్యేకంగా రాశాడు. తమాషా ఏంటంటే, ఆ కోనసముద్రం ఉన్న మండలం పేరు కమ్మర్‌పల్లి!

గంటకు 200 కిలోమీటర్లు

ఎనిమిదంగుళాల ముక్క కోసి, దాని మీద సుద్దతో గొడ్డలి బొమ్మ గీశాడు. ముందు వెడల్పాటి అంచు, వెనక్కి పోనుపోను సన్నబడే తోక. కామ దూరే కన్నం ఏదని అడిగాను. గ్రైండరుతో వచ్చిన పెద్ద ఇబ్బంది అదేనట. కొలిమిలో అయితే ఎర్రటి ఇనుమును గుచ్చో, మడిచో కన్నం తెస్తారు. పది పన్నెండు మిల్లీమీటర్ల పట్టీకి కన్నం ఎక్కడ పెడతారు? పైపు ముక్క వెల్డింగ్ చేయొచ్చు కానీ, కమాను ఉక్కుకు వెల్డింగ్ పడిన చోట పెళుసెక్కుతుంది. దెబ్బ వేస్తుంటే ఏదో ఒకరోజు అక్కడ పుటుక్కుమంటుంది. అందుకని కన్నం ఇనుములో కాకుండా కర్రలో పెడుతున్నాడు. లావాటి తుమ్మకర్ర చివర తొలిచి గొడ్డలి తోకను అందులోకి దూరుస్తాడు. వేటు పడేకొద్దీ తోక ఇంకా లోపలికి బిగుస్తుంది. ఆఫ్రికాలో చాలాచోట్ల గొడ్డళ్లు ఇలాగే ఉంటాయి. కర్ర చీలకుండా చివర ఓ ఇనుప పొన్ను.

గ్రైండరు అందుకునే ముందు లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు. మెడలో తువ్వాలు తీసి మంచం మీద పడేశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. మనవాళ్లలో చాలామంది అడ్డొస్తుందని ముందు పీకిపారేసే రేకు కవచం అతని గ్రైండరుకు భద్రంగా ఉంది. ఎందుకో లెక్కేసి చూడండి. నాలుగంగుళాల బిళ్ల నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. అంటే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నట్టు! బిళ్ల పగిలితే ముక్క కూడా అదే వేగంతో వస్తుంది. బిళ్ల మధ్యనున్న రేకు చుట్టు మీద గడువు తేదీ ఉంటుందన్న సంగతి నాకైతే ఆరోజే తెలిసింది. మీ ఇంట్లో పాత బిళ్లలుంటే ఓసారి చూసుకోండి.

బరబరమని మొదలుపెట్టాడు. నాలుగు సెకన్లు రాపిడి, వేలితో తాకి చూడటం, చెయ్యి పట్టనంత వేడుంటే బకెట్లో ముంచడం. మళ్లీ రాపిడి. మధ్యాహ్నానికి ఆకారం వచ్చేసింది. అంచు బ్లేడులా పల్చబడింది. ఎండ చుర్రుమంటోంది. ఇంతలో గేటు తాలూకు మనిషొచ్చి తొందరపెట్టాడు. చివరి పట్టు మాత్రం కాస్త ఆపకుండా పట్టినట్టే ఉన్నాడు. చుయ్‌మని బకెట్లో ముంచి, ఆకురాయి పట్టి, కామకు తొడిగి నా చేతికిచ్చాడు.

తండ్రే లేచి వచ్చి ఎండిన తుమ్మదుంగ దొర్లించాడు. అయిదు వేట్లు శుభ్రంగా దిగాయి. ఆరో వేటుకు టింగుమని చిన్న శబ్దం. అంచు మధ్యలో కందిబద్దంత ముక్క ఎగిరిపోయింది.

కొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. 'నీలం రంగు తిరిగినట్టు కూడా లేదే' అని గొణుక్కున్నాడు. పెద్దాయన మాట్లాడకుండా ఆకురాయి తీసుకుని అంచు పొడవునా రుద్దుకుంటూ వెళ్లాడు. అంతటా గరగరమంటూ కరిచింది. ముక్క పోయిన చోటు పక్కన మాత్రం అద్దం మీద గోరులా సర్రున జారిపోయింది.

'నీలమైతే ఏం కాదురా. కమాను ఉక్కు దానికి లొంగదు. నువ్వు ఎర్రబడనిచ్చావు.'

అసలు సంగతి ఇది. నీలం రంగు వచ్చేది 300 డిగ్రీల దగ్గర. ఫ్యాక్టరీలో ఆ పట్టీని అంతకంటే ఎక్కువ వేడి దగ్గరే సాగేలా చేశారు కనుక నీలానికి దాని గుణం పోదు. కానీ పల్చటి అంచు క్షణంలో 750 డిగ్రీలు దాటి ఎర్రబడగలదు. ఆ ఎర్రటిదాన్ని నీళ్లలో ముంచితే అక్కడ మాత్రం గాజులా తయారవుతుంది. గట్టిగానే ఉంటుంది, దెబ్బకు మాత్రం చిట్లుతుంది. మరి ఎర్రబడింది కొడుక్కి ఎందుకు కనపడలేదు? నడి ఎండలో సన్నటి ఎరుపు ఎవరికి కనపడుతుంది!

'కొలిమి ఎప్పుడూ నీడన, చీకటిగా ఎందుకు పెడతాం అనుకున్నావ్? గాలికి కాదు, రంగు తెలియడానికి' అన్నాడు పెద్దాయన. ఆ మాట కొడుక్కి కూడా కొత్తే అనుకుంటా. ఎదురు చెప్పలేదు. వైరు లాగి గ్రైండరును వేపచెట్టు కిందికి తెచ్చుకున్నాడు.

పాడైన అంచును నాలుగైదు మిల్లీమీటర్ల మేర పూర్తిగా తీసేశారు. ఈసారి తండ్రి పక్కనే కూర్చున్నాడు. అంచును మరీ పల్చన చేయనివ్వలేదు. చివరి మందమంతా గ్రైండరుతో కాకుండా ఆకురాయితోనూ, తర్వాత తడి సానరాయి మీదా తీయించాడు. బుగ్గలు కూడా కత్తిలా చదునుగా కాకుండా చింతపిక్కలా కాస్త ఉబ్బుగా ఉంచాడు. అలా ఉంటే గొడ్డలి దుంగలో ఇరుక్కుపోకుండా చెక్కను చీల్చుకుంటూ పోతుందట. పనయ్యేసరికి సాయంత్రం అయిదున్నర. మళ్లీ అదే దుంగ. ఇరవై వేట్ల దాకా లెక్కపెట్టి వదిలేశాను. అంచు మీద గోరు నడిపి చూస్తే ఎక్కడా తగల్లేదు.

'ఇప్పుడైనా గొడ్డలంటావా నాన్నా?'

'కర్ర కొడుతోందిగా' అన్నాడాయన. అంతకుమించి ఒక్క మాట రాలేదు.

వచ్చేసేముందు పేపర్లో చుట్టుకెళ్లిన తాతగారి గొడ్డలి తీసి, దీన్ని తుక్కులో వేసేయమంటారా అని అడిగాను. పెద్దాయన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కన్నం ఇంకా గుండ్రంగా, బలంగా ఉందన్నాడు. అప్పట్లో ఖరీదైన ఉక్కును ముందు అంచుకే వేసి మిగతాదంతా మెత్తటి ఇనుముతో చేసేవారట. అరిగిపోయింది ఆ ఉక్కు భాగమే. అక్కడో కమాను ముక్క అతికితే మళ్లీ లేస్తుంది. కానీ ఆ అతుకు వెల్డింగుతో అయ్యేది కాదు, గ్రైండరుతో అసలే కాదు. రెండూ తెల్లగా కాగి సమ్మెట దెబ్బల కింద కలవాలి.

తిత్తి తోలు ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. దాగలి మాత్రం షాపు గుమ్మానికి ఎత్తుగా వాడుతున్నారు. ఆయన కాసేపు దానివంకే చూసి కొడుకుని పిలిచాడు.

'ఒరేయ్, ఆ కరెంటు బ్లోయరు ఖాళీగానే ఉందిగా? ఆదివారానికి ఓ బస్తా బొగ్గులు చెప్పు.'