సేదతీర్చే వీడియో ఆటలు

ప్రత్యర్థులు, ర్యాంకులు, గెలుపు ఓటములు లేకుండా గాని, వాటికి ప్రాధాన్యం తగ్గించి గాని రూపొందించిన వీడియో ఆటలను సేదతీర్చే ఆటలుగా పేర్కొనవచ్చు. ఆంగ్లం మాట్లాడే ఆటగాళ్ళు వీటిని "కోజీ గేమ్స్" అంటారు. తోట పెంచడం, చేపలు పట్టడం, ఇల్లు సర్దడం, ఊరు కట్టడం, ఏ పనీ లేకుండా నడుస్తూ పరిసరాలను చూడడం ఇందులో కనిపించే వ్యాపకాలు. అంతర్జాలంలో ఇతరులతో తలపడే ఆటల వల్ల గుండెదడ, అరచేతుల్లో చెమట, నిద్ర పట్టకపోవడం వంటి ఇబ్బందులకు లోనయ్యేవారిలో కొందరు ఆటలను పూర్తిగా మానకుండా వీటివైపు మళ్ళుతుంటారు. అయితే బొమ్మలు ముద్దుగా ఉన్నంత మాత్రాన ఆట ఊరటనిస్తుందని చెప్పలేము. ఆందోళనకు మూలం చాలావరకు ఆట నియమాలలోనే ఉంటుంది.

పోటీ ఆటలు, ఆందోళన

2010 లో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ 2 ఆడేవారిలో "ల్యాడర్ యాంగ్జైటీ" అనే మాట బాగా వాడుకలో ఉండేది. ల్యాడర్ అంటే ర్యాంకుల నిచ్చెన. ఆట మీద ఎంతో ఇష్టం ఉండి కూడా, ఓడితే మెట్టు దిగవలసి వస్తుందన్న బెరుకుతో ఆట మొదలుపెట్టే మీట నొక్కలేకపోవడమే ఈ స్థితి. తయారీదారులైన బ్లిజార్డ్ సంస్థ 2013 లో ర్యాంకుతో సంబంధం లేని పోటీలను కూడా ప్రవేశపెట్టింది.

ఇటువంటి ఆటలలో ప్రత్యర్థిని ఎంపిక చేసే పద్ధతికి మూలం చదరంగంలో ఉంది. అమెరికాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగు విధానాన్ని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970 లో స్వీకరించింది. వీడియో ఆటలలో ఇదే కోవకు చెందిన లెక్కలతో సమవుజ్జీలను జతచేస్తారు. ఇది న్యాయమైన పద్ధతే. కాని దీని ఫలితంగా ఆటగాడు ఎంత సాధన చేసినా రమారమి సగం ఆటలు ఓడుతూనే ఉంటాడు. విద్యార్థి చదివిన కొద్దీ ప్రశ్నపత్రం కఠినమవుతూ, మార్కులు మాత్రం ఎప్పుడూ యాభై దగ్గరే నిలిచిపోయినట్లన్నమాట. పబ్జీ వంటి ఆటలలో పరిస్థితి ఇంకా కఠినం. వందమంది దిగితే చివరికి మిగిలేది ఒక్కరో, ఒక్క జట్టో.

లాభం వల్ల కలిగే సంతోషం కంటే అంతే నష్టం వల్ల కలిగే బాధ మనిషికి ఎక్కువగా తోస్తుందని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979 లో ప్రతిపాదించారు. అందువల్ల సగం గెలుపులు సగం ఓటములను మనసులో రద్దు చేయలేవు. జట్టు ఆటలలో తోటివారి దూషణ దీనికి తోడవుతుంది. పైగా మధ్యలో ఆట ఆపడానికి వీలుండదు. అమ్మ అన్నానికి పిలిచినా లేవని పిల్లవాడిది ప్రతిసారీ మొండితనమే కాకపోవచ్చు. లేస్తే జట్టు ఓడుతుంది, చాలా ఆటలలో జరిమానా కూడా పడుతుంది.

పోటీ ఒక్కటే ఆట కాదు

ఫ్రెంచి రచయిత రోజె కైవా 1958 లో వెలువరించిన గ్రంథంలో ఆటలను పోటీ, అదృష్టం, అనుకరణ, తల తిరిగే తన్మయత్వం అని నాలుగు తరగతులుగా విభజించాడు. తెలుగువారి ఆటలకు కూడా ఈ విభజన చక్కగా సరిపోతుంది. చెడుగుడు పోటీ, గవ్వలు వేయడం అదృష్టం, బొమ్మల పెళ్ళి, గుజ్జనగూళ్ళు అనుకరణ, ఒప్పులకుప్ప నాలుగవది. ఒప్పులకుప్పలో ఎవరు గెలిచారని ఎవరూ అడగరు. సేదతీర్చే వీడియో ఆటలలో ఎక్కువ భాగం గుజ్జనగూళ్ళ జాతికి చెందినవే.

చరిత్ర

1989 లో వచ్చిన సిమ్‌సిటీ నగరాన్ని నిర్మించే ఆట. దీనికి గెలుపు అనే ముగింపు లేకపోవడం వల్ల రూపకర్త విల్ రైట్ దీన్ని ఆట అనే కంటే ఆటబొమ్మ అనడానికే ఇష్టపడ్డాడు. 1990 లో విండోస్ 3.0 తో పాటు వచ్చిన పేకముక్కల సాలిటేర్‌ను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వీడియో ఆటలు ఆడమని చెప్పుకునే ఉద్యోగులు సైతం ఆఫీసు కంప్యూటరులో దీన్ని ఆడినవారే.

జపానులో 1996 లో వ్యవసాయం ఇతివృత్తంగా హార్వెస్ట్ మూన్, 2001 లో యానిమల్ క్రాసింగ్ మొదటి ఆట వెలువడ్డాయి. రెండవదాని రూపకర్త కత్సుయా ఎగుచి ఉద్యోగరీత్యా చిబా నుండి క్యోటోకు వచ్చి, కుటుంబానికి, స్నేహితులకు దూరమైన వెలితిలోంచి ఈ ఆలోచన పుట్టిందని చెప్పాడు. హార్వెస్ట్ మూన్ స్ఫూర్తితో ఎరిక్ బరోన్ అనే అమెరికన్ ఒంటరిగా నాలుగేళ్ళకు పైగా శ్రమించి 2016 లో స్టార్‌డ్యూ వ్యాలీని విడుదల చేశాడు. 2024 చివరి నాటికి ఇది 4 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది.

నియమాలు మనుషుల ప్రవర్తనను ఎలా మారుస్తాయో తెలుసుకోవడానికి 2012 నాటి జర్నీ మంచి ఉదాహరణ. ఇందులో ఎడారిలో నడుస్తున్న ఆటగాడికి అంతర్జాలం ద్వారా మరొక అపరిచితుడు తారసపడతాడు. ఆట సాగుతున్నంతసేపూ పేర్లు కనబడవు, మాటలు ఉండవు, చిన్న స్వరంతో పిలవడం మాత్రమే సాధ్యం. తయారీ దశలో ఇద్దరి శరీరాలు ఒకదానికొకటి తగిలేలా ఉంచితే, ఆటగాళ్ళు ఒకరినొకరు తోసుకున్నారు. రూపకర్త జెనోవా చెన్ బృందం ఆ తాకిడిని తొలగించి, దగ్గరగా ఉంటే ఇద్దరికీ ఎగిరే శక్తి వచ్చేలా మార్చింది. తోపులాట పోయి తోడు మిగిలింది.

కోవిడ్ కాలంలో, 2020 మార్చి 20 న విడుదలైన యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ విపరీతమైన ఆదరణ పొందింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ఆటతో పాటు ఒక పోటీ ఆటను కూడా తీసుకుని, సంస్థలు ఇచ్చిన ఆట సమయపు నమోదుల ఆధారంగా 2021 లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువసేపు ఆడినవారి మానసిక స్థితి కొద్దిగా మెరుగ్గా కనబడింది. ఈ సంబంధం చిన్నది, ఆటే కారణమని దీనివల్ల రుజువు కాదు.

ఎంపికలో గమనించవలసినవి

ముద్దైన బొమ్మల వెనుక ఒత్తిడి దాగి ఉండవచ్చు. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక రోజు నిజ సమయంలో సుమారు 14 నిమిషాలు. రాత్రి రెండింటికి పక్క చేరకపోతే పాత్ర సొమ్మసిల్లి పడిపోతుంది, కొంత డబ్బు పోతుంది. గడియారం చూసి కంగారుపడేవారికి ఈ పొలం కూడా పరీక్ష హాలే. 2012 నాటి క్యాండీ క్రష్ సాగాలో ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కొక్క దానికి అరగంట ఆగాలి. ఇందుకు భిన్నంగా, చూడడానికి మోటుగా కనిపించే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లో లారీ తోలుకుంటూ పోవడం ఎందరికో హాయినిస్తుంది.

కాబట్టి ఆట కొనేముందు తెలుసుకోవలసినవి కొన్ని: ఎప్పుడంటే అప్పుడు ఆపి లేవవచ్చునా, తప్పు చేస్తే ఏం పోతుంది, మన లెక్క ఇతరులకు కనబడుతుందా, రోజూ రమ్మని ఫోనులో పిలుస్తుందా. సామాన్లు విప్పి ఇల్లు సర్దే అన్‌ప్యాకింగ్ (2021), ఏ లక్ష్యమూ లేకుండా రంగురంగుల ఇళ్ళు కట్టే టౌన్‌స్కేపర్ (2021), కొన్ని గంటలలో పూర్తయ్యే ఎ షార్ట్ హైక్ (2019) ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఉన్న ఆటలోనే మార్గం దొరకవచ్చు. మైన్‌క్రాఫ్ట్‌ను పీస్‌ఫుల్ స్థాయికి మారిస్తే దాడిచేసే రాక్షసులు రారు, ఆకలి పెరగదు. ఆల్టోస్ ఒడిస్సీ (2018) లోని జెన్ పద్ధతిలో స్కోరు లేదు, పడినా లేచి సాగవచ్చు.

ధర ఒక చిక్కు. వీటిలో చాలావాటిని ఒకేసారి డబ్బు చెల్లించి కొనాలి. సెల్ ఫోనులోని పోటీ ఆటలు ఉచితంగా దొరుకుతాయి, ఆటగాడు రోజూ తిరిగి రావడం మీదే వాటి ఆదాయం ఆధారపడి ఉంటుంది. మన విద్యార్థులు అటు చేరడానికి అభిరుచి కంటే ఇదే పెద్ద కారణమని చెప్పవచ్చు.

పరిమితులు

ఈ ఆటలు చికిత్స కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ "గేమింగ్ డిజార్డర్"ను చేర్చిన వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పి చదువు, నిద్ర, సంబంధాలు దెబ్బతినడం దాని లక్షణం, ఆట ప్రశాంతమైనదైనా ఇది సంభవించవచ్చు. ఆట ఆపిన తరువాత కూడా ఆందోళన వదలకపోతే వైద్యులను కలవాలి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా లభిస్తుంది.

పోటీలోని ఉత్సాహం లేనిదే విసుగు చెందేవారూ ఉన్నారు. అటువంటివారు ర్యాంకు లేని పద్ధతిలో గాని, కంప్యూటరే ప్రత్యర్థిగా గాని, తెలిసిన మిత్రులతో గాని ఆడుకోవచ్చు. నోరు పారేసుకునే జట్టు సభ్యుల గొంతు వినబడకుండా చేసే మీట ఇప్పటి జట్టు ఆటలలో చాలావాటికి ఉంటుంది.